మూడు గంటల దారిలో ముదిరిపోయిన అండాలు: ఒక ఆవుల ఐవీఎఫ్ కేసు

హైదరాబాద్ శివార్లలో ఆవులకు ఐవీఎఫ్ చేసే ఒక ప్రైవేటు ప్రయోగశాల ఉంది. పేరు ఇక్కడ అనవసరం. ఎండలు ముదిరాక వాళ్లకు ఒక చిక్కు వచ్చిపడింది. అండాలు ఫలదీకరణ చెందుతున్నాయి, రెండు కణాలుగా, నాలుగు కణాలుగా చక్కగా చీలుతున్నాయి, ఏడో రోజు చూస్తే మాత్రం బ్లాస్టోసిస్టులు (ఆవు గర్భంలో పెట్టడానికి సిద్ధమైన పిండాలు) లేవు. చలికాలంలో వచ్చిన వాటిలో సగం కూడా రావడం లేదు. నన్ను పిలిచే నాటికి వాళ్లు వీర్యం స్ట్రాలు మార్చారు, ఆబోతును మార్చారు, పిండాలను పెంచే మీడియం (పోషక ద్రవం) కొనే కంపెనీని కూడా మార్చారు. ఫలదీకరణకు ముందు అండం పరిపక్వమయ్యే ఆ 24 గంటల జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. ఆ దశ బాగానే ఉందని అందరి నమ్మకం. నమ్మకానికి ఆధారం కూడా ఉంది: మైక్రోస్కోపు కింద అండాలు చూడముచ్చటగా కనిపిస్తున్నాయి.

నా అనుమానం మొదటి నుంచీ అక్కడే. చీలిక బాగుండి బ్లాస్టోసిస్టులు రాకపోతే చాలామంది ఫలదీకరణ తర్వాతి పెంపకాన్ని తప్పుపడతారు. 2002లో డబ్లిన్‌లో డిమిట్రియోస్ రిజోస్, పాట్రిక్ లోనర్గన్ బృందం ఈ ముడిని విప్పి చూపింది. ఆవు శరీరంలోనే పరిపక్వమైన అండాలను, ప్రయోగశాలలో పరిపక్వమైన వాటిని పక్కపక్కన పెట్టి పెంచితే, ఎన్ని బ్లాస్టోసిస్టులు వస్తాయన్నది ప్రధానంగా అండం ఎక్కడి నుంచి వచ్చిందన్న దాన్ని బట్టే తేలింది. ఆ తర్వాతి పెంపకం ఎక్కువగా నిర్ణయించేది పిండం నాణ్యతను, అంటే గడ్డకట్టించి కరిగించినప్పుడు అది తట్టుకుంటుందా లేదా అన్నదాన్ని. మన కేసులో తగ్గింది సంఖ్య. కాబట్టి వెనక్కి నడవాలి.

రిజిస్టరులో కనిపించింది

ఈ ప్రయోగశాలకు అండాలిచ్చే దాత ఆవులు రెండు చోట్ల ఉన్నాయి. కొన్ని భవనం వెనుక షెడ్డులోనే. మిగతావి కర్నూలు వైపు ఒక పొలంలో, సుమారు మూడు గంటల దారి. రెండు చోట్లా ఒంగోలు, గిర్ ఆవులే. అండాలు తీసేది ఓపీయూ పద్ధతిలో: యోనిలో అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఉంచి, మలద్వారం గుండా చేయి పెట్టి అండాశయాన్ని ప్రోబ్ దగ్గరికి తెచ్చి, తెర మీద నల్లగా కనిపించే ఫాలికల్‌లోకి, అంటే అండం ఉండే ద్రవపు సంచిలోకి, సూది దించి ద్రవాన్ని లాగుతారు.

ఒంగోలు ఆవుకు ఈ పనిలో పుట్టుకతో వచ్చిన వరం ఉంది. విదేశీ హోల్‌స్టీన్ ఆవులతో పోలిస్తే దాని అండాశయంలో ఒకేసారి కనిపించే చిన్న ఫాలికల్స్ ఎక్కువ, కాబట్టి ఒక విడతలో దొరికే అండాలూ ఎక్కువ. మన నెల్లూరు పేరుతోనే బ్రెజిల్‌లో పెరిగిన నెలోర్ జాతి ఈ గుణం వల్లే అక్కడి ఐవీఎఫ్ పరిశ్రమకు వెన్నెముక అయింది. మన గడ్డ మీది ఆవు విలువ బ్రెజిల్ వాళ్లు లెక్కగట్టాక మనకు తెలిసిందన్నది వేరే కథ.

రిజిస్టరులో రెండు చోట్ల ఫలితాలనూ కలిపి నెలవారీ సగటు రాస్తున్నారు. విడదీసి రాయమన్నాను. విడదీయగానే సగం విషయం బయటపడింది. షెడ్డు ఆవుల ఫలితం వేసవిలో కొద్దిగా తగ్గింది, అంతే. కూలిపోయింది పొలం ఆవుల ఫలితం.

మేనేజరు గారి వివరణ సిద్ధంగా ఉంది: పొలంలో ఎండ దెబ్బ ఎక్కువ, మేత తక్కువ, వేసవిలో పశువులు తిరగపొర్లడం, అంటే చూలు నిలవక మళ్లీ మళ్లీ ఎదకు రావడం, మామూలే కదా అని. మాటలో నిజం లేకపోలేదు. ఎండ దెబ్బ తగిలిన ఆవు కడుపులోనే అండం చెడుతుంది, దాని ప్రభావం తర్వాతి వారాల్లోనూ కనిపిస్తుంది. అయితే పొలానికి వెళ్లి చూస్తే అక్కడ చింతచెట్ల నీడ ఉంది, తొట్టెల్లో నీళ్లున్నాయి, ఆవులు పుష్టిగా ఉన్నాయి. పైగా మూపురం ఉన్న మన జాతుల అండాలూ పిండాలూ వేడిని హోల్‌స్టీన్ కన్నా మెరుగ్గా తట్టుకుంటాయి. రెండు మందల మధ్య ఇంత తేడా ఆవుల వల్ల వచ్చిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. మందల సంగతి అటుంచితే మిగిలిన తేడా ఒక్కటే, మూడు గంటల ప్రయాణం.

అండానికి గడియారం ఎప్పుడు మొదలవుతుంది

ఇక్కడ కొంత జీవశాస్త్రం చెప్పక తప్పదు. ఫాలికల్‌లో ఉన్నంత కాలం అండం నిద్రలో ఉంటుంది. చుట్టూ ఉన్న కణాలు సన్నని వాహికల ద్వారా పంపే సంకేతాలు దాని కణవిభజనను ఆపి ఉంచుతాయి. ఫాలికల్ నుంచి బయటికి తీయగానే ఆ పట్టు సడలిపోతుంది, విభజన తనంతట తానే మొదలవుతుంది. కుందేలు అండాల్లో పింకస్, ఎంజ్‌మన్ ఈ సంగతిని 1935లోనే గమనించారు. 1965లో రాబర్ట్ ఎడ్వర్డ్స్ ఆవుతో సహా అనేక జంతువుల్లో చూపించారు. అంటే అండం నిద్ర లేవడానికి హార్మోన్లు అక్కర్లేదు, ఇంక్యుబేటరూ అక్కర్లేదు. సూది గుచ్చి లాగితే చాలు.

ఆ తర్వాత ఆవు అండం నడక దాదాపు ఇలా ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది గంటల్లో కేంద్రకం పొర కరిగిపోతుంది. 18 నుంచి 24 గంటల మధ్య మొదటి పోలార్ బాడీ (విభజనలో అండం వదిలేసే చిన్న కణం) బయటికి వస్తుంది. అక్కడ ఆగి వీర్యకణం కోసం ఎదురుచూస్తుంది. ఎక్కువసేపు ఎదురుచూస్తే ముదిరిపోతుంది. అందుకే ప్రయోగశాలలు చాలావరకు 22 నుంచి 24 గంటలకు ఫలదీకరణ పెట్టుకుంటాయి.

ఇది కేంద్రకం సంగతి. కణద్రవ్యం పని వేరు. అదే సమయంలో మైటోకాండ్రియాలు సర్దుకోవాలి. రెండో వీర్యకణాన్ని అడ్డుకునే కార్టికల్ కణికలు అంచుకు చేరాలి. వీర్యకణం తలను విప్పడానికి కావలసిన గ్లూటాథయోన్ అనే పదార్థం పోగవ్వాలి. మొదటి కొన్ని విభజనలు నడవడానికి సరిపడా ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లు సిద్ధంగా ఉండాలి. కేంద్రకం దాదాపు ఏ మీడియంలో వేసినా తన పని ముగించుకుంటుంది. కణద్రవ్యానికి మాత్రం ఉష్ణోగ్రత, పీహెచ్, ఆహారం అన్నీ అమరాలి. అది వెనకబడిందన్న సంగతి పోలార్ బాడీని చూస్తే తెలియదు, అండాన్ని చుట్టి ఉండే క్యుములస్ కణాలు విచ్చుకోవడం చూసినా తెలియదు. మొదటి చీలికలు పాత నిల్వలతో గడిచిపోతాయి. ఆవు పిండంలో ఎనిమిది, పదహారు కణాల దశలో సొంత జన్యువులు పని అందుకోవాల్సి వచ్చినప్పుడు అప్పు తీర్చే సమయం వస్తుంది. మన కేసులో పిండాలు సరిగ్గా అక్కడే ఆగిపోతున్నాయి.

డిక్కీలో ఏం జరిగింది

పొలం నుంచి వచ్చే బండిలో నేనూ కూర్చున్నాను. అండాలను పరిపక్వతకు వాడే మీడియంలోనే, అంటే టీసీఎం-199 అనే పోషక ద్రవంలో 10 శాతం సీరం, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రడయోల్ హార్మోన్లు, పైరువేట్ కలిపిన దానిలో, చిన్న గొట్టాల్లో పెట్టి పోర్టబుల్ ఇంక్యుబేటర్‌లో తెస్తారు. పెట్టె మీద 38.5 డిగ్రీలని కనిపిస్తూ ఉంటుంది. నేను ఒక ఖాళీ గొట్టంలో అంతే మీడియం పోసి, మూతకు సన్నని రంధ్రం చేసి, ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ తీగను ద్రవంలో మునిగేలా దించి, కొలతలు నమోదు చేసే లాగర్‌కు కలిపాను. చవకైన పరికరమే. అప్పటిదాకా ఎవరూ పెట్టి చూడలేదు.

పెట్టె ఉన్నది డిక్కీలో. ముందు సీట్లకు వచ్చే ఏసీ గాలి అక్కడి దాకా చేరదు. జడ్చర్ల దాటే ముందు భోజనానికి బండి ఆపారు. ఇంజను ఆగింది, ఏసీ ఆగింది. చెట్టు నీడ దొరకలేదు. మేం తిని తిరిగి వచ్చేసరికి గొట్టంలోని ద్రవం 41 డిగ్రీలు దాటి ఉంది.

పెట్టెలో హీటర్ ఉంది, చల్లబరిచే ఏర్పాటు లేదు. చుట్టూ 38.5 కన్నా చల్లగా ఉన్నంత వరకే అది ఉష్ణోగ్రతను పట్టి ఉంచగలదు. మూసిన కారు డిక్కీ మే నెల మధ్యాహ్నం ఎంత వేడెక్కుతుందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. అలారం ఉంది కానీ అది ఉష్ణోగ్రత పడిపోతేనే మోగేలా పెట్టారు. అండాలకు చలి ప్రమాదమని అందరూ నేర్చుకున్నారు, వేడి సంగతి ఎవరికీ తట్టలేదు. డ్రైవరును అడిగితే సూటిగా చెప్పాడు: "పెట్టెకు కరెంటు అందితే చాలన్నారండీ. సాకెట్ ఊడిపోకుండా చూసుకుంటాను. లోపల ఎంత వేడి ఉందో చూడమని నాకెవరూ చెప్పలేదు." అతని తప్పేమీ లేదు.

41 డిగ్రీలు పెద్ద తేడాగా అనిపించకపోవచ్చు, ఎండ దెబ్బ తిన్న ఆవు శరీరం కూడా ఆ వేడికి చేరుతుంది. అందుకే పరిశోధకులు సరిగ్గా ఆ అంకెనే పట్టుకున్నారు. ఫ్లోరిడాలో పీటర్ హాన్సెన్ బృందం పరిపక్వత దశలో అండాలను 41 డిగ్రీల్లో ఉంచి చూస్తే బ్లాస్టోసిస్టులు తగ్గాయి, అండాల్లో కణమరణం లక్షణాలు పెరిగాయి. టెనెస్సీలో లానెట్ ఎడ్వర్డ్స్ బృందం ఇంకొక సంగతి చూపింది, నాకు ఈ కేసులో దారి చూపింది అదే. వేడి తగిలిన అండం కేంద్రకం మామూలు కన్నా ముందే పరిపక్వమవుతుంది, కాబట్టి మామూలు వేళకు ఫలదీకరణ చేస్తే అప్పటికే అది ముదిరి ఉంటుంది. ఫలదీకరణను మామూలు వేళ కన్నా ముందే చేస్తే పోయిన ఫలితంలో కొంత తిరిగి వచ్చింది.

వాళ్ల ప్రయోగాల్లో వేడి తగిలింది పన్నెండేసి గంటలు. మన దగ్గర రెండు గంటలకు మించదు. కాబట్టి వేడి ఒక్కటే ఇంత నష్టం చేసిందని నేను ఒప్పుకోలేదు. ఇంకేదో తోడైందని తోచింది. అదేమిటో రిజిస్టరు రెండో కాలమ్‌లో దొరికింది. పరిపక్వత మొదలైన సమయం అన్న చోట పొలం అండాలకు కూడా ప్రయోగశాల ఇంక్యుబేటర్‌లో పెట్టిన సమయమే రాస్తున్నారు. సూది గుచ్చినది ఉదయం. పొలంలో వెతకడం, గొట్టాల్లో నింపడం, ప్రయాణం, భోజనం, అన్నీ కలిపి నాలుగు గంటలు దాటాకే గడియారం మొదలవుతోంది. అక్కడి నుంచి 24 గంటలు లెక్కపెట్టి ఫలదీకరణ చేస్తున్నారు. అంటే అండం అసలు వయసు 28 గంటల పైనే.

చలికాలంలోనూ ఇదే లెక్క నడిచింది. అప్పుడు కూడా పొలం అండాల ఫలితం షెడ్డు కన్నా కొంచెం తక్కువే ఉంది, దూరం నుంచి వచ్చాయి కాబట్టి అంతేలే అని సరిపెట్టుకున్నారు. వేసవి వేడి కేంద్రకాన్ని తొందరపెట్టే సరికి ఆ నాలుగు గంటల ఆలస్యం రెట్టింపు నష్టమైంది.

తేల్చుకోవడానికి చేసిన పరీక్ష

అనుమానం ఎంత బలమైనదైనా పక్కపక్కన పెట్టి చూడకపోతే అది అనుమానమే. పొలం ఆవులతో పరీక్షిస్తే ఆవుల తేడా మళ్లీ అడ్డొస్తుంది. అందుకని షెడ్డు ఆవుల అండాలనే తీసుకున్నాం. ఒకే ఆవు, ఒకే విడత. మూడు పొరలు, అంతకు మించి క్యుములస్ కణాలు ఉన్న మంచి అండాలను మాత్రమే ఎంచి, పంచాం. ఒక భాగం వెంటనే ఇంక్యుబేటర్‌లోకి. ఒక భాగం పోర్టబుల్ పెట్టెలో, పెట్టె ఏసీ గదిలో బల్ల మీద. ఒక భాగం అలాంటి పెట్టెలోనే, డిక్కీలో, ఎప్పటిలాగే హైవే మీద, భోజన విరామంతో సహా. నాలుగో భాగం అదే దారిలో, కానీ వేరే బండిలో, పెట్టె వెనుక సీటు మీద, ఏసీ ఆపకుండా. అన్నిటికీ గడియారం సూది గుచ్చినప్పటి నుంచే లెక్కపెట్టి, ఒకే వేళకు, ఒకే ఆబోతు వీర్యంతో ఫలదీకరణ.

మరునాడు ఉదయం డిష్‌లు చూసినప్పుడు ఈ కేసు ఇన్నాళ్లూ ఎందుకు తేలలేదో అర్థమైంది. నాలుగు డిష్‌లలోనూ క్యుములస్ విచ్చుకుంది. ఉడికిన సగ్గుబియ్యం జిగురులో గింజలా, పారదర్శకమైన పొర మధ్య అండం నల్లగా, గుండ్రంగా కనిపిస్తోంది. డిక్కీ అండాలను మిగతావాటి నుంచి కంటితో వేరు చేయడం నా వల్ల కాలేదు, పదేళ్ల అనుభవమున్న వాళ్ల టెక్నీషియన్ వల్లా కాలేదు. కొన్ని అండాల క్యుములస్ తీసేసి, రంగు వేసి చూశాం. డిక్కీ భాగంలో పోలార్ బాడీ వచ్చినవి తక్కువేమీ లేవు. పరిపక్వత శాతం మాత్రమే కొలిచి ఊరుకునే ప్రయోగశాల ఇక్కడితో ఆగి, అంతా బాగుందని రాసుకునేది.

ఏడో రోజుకు తేడా వచ్చింది. ఇంక్యుబేటర్, బల్ల మీది పెట్టె, వెనుక సీటు, ఈ మూడింటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. డిక్కీలో వచ్చినవి స్పష్టంగా తక్కువ. పెట్టెది కాదు దోషం, కుదుపులదీ కాదు, వేడిదే. ఓపీయూ అండాలు కాబట్టి ఒక్కో భాగంలో సంఖ్య చిన్నది, ఒక విడత చూసి తీర్పు చెప్పలేం. అందుకే మళ్లీ చేశాం. ప్రతిసారీ ఫలితం అటే వాలింది. అయితే ఇక్కడ గడియారం సరిగ్గా లెక్కపెట్టడం వల్ల, డిక్కీ అండాలు కూడా పొలం అండాలంత ఘోరంగా పడిపోలేదు. ఆ మిగిలిన తేడా గంటల లెక్కదన్నది నా అంచనా.

దారిలో కనిపించిన మిగతావి

వెతుకుతుంటే చిన్నవి చాలా కనిపిస్తాయి. అన్నిటికీ ఒకే బరువు ఇవ్వకూడదు.

పొలంలో గొట్టం మూత ప్రతి ఆవు తర్వాతా తెరుస్తున్నారు. మీడియంలో బైకార్బనేట్ ఉంటుంది, పైన కార్బన్ డయాక్సైడ్ ఉంటేనే పీహెచ్ 7.4 దగ్గర నిలుస్తుంది. మూత తెరిచిన కొద్దీ గ్యాస్ పోతుంది, పీహెచ్ పైకి పోతుంది. మీడియంలో కలిపే ఫీనాల్ రెడ్ అనే సూచిక రంగే చెబుతుంది: నారింజ ఛాయ ఉన్న మీడియం గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆఖరి ఆవు వంతు వచ్చేసరికి గొట్టం గులాబీ రంగులో ఉంది. ఇది నిజమైన లోపమే. వెతుకుడు పూర్తయ్యే దాకా అండాలను హెపెస్ (గ్యాస్ లేకున్నా పీహెచ్‌ను నిలిపే పదార్థం) కలిపిన మీడియంలో ఉంచి, అన్నీ దొరికాక ఒక్కసారే గొట్టంలోకి మార్చి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న మిశ్రమ గ్యాస్ ఊది మూత బిగించమన్నాను.

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇంక్యుబేటర్‌లో కార్బన్ డయాక్సైడ్‌ను 5 శాతం పెట్టడం చాలదేమో అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. గాలి పీడనం తక్కువ కనుక 5 శాతం ఇక్కడ సముద్రతీరంలోని 4.7 శాతంతో సమానం. లెక్క కడితే పీహెచ్‌లో తేడా 0.03. సరిచేసుకుంటే మంచిదే కానీ బ్లాస్టోసిస్టులను సగం చేసేంత తేడా కాదు. సెన్సర్ తప్పు చూపడం వల్ల వచ్చే తేడా దీనికన్నా చాలా పెద్దదిగా ఉండవచ్చు, ముందు దాన్ని విడిగా కొలవాలి.

ఇంక్యుబేటర్‌లో ఆక్సిజన్‌ను 5 శాతానికి తగ్గిద్దామన్న ప్రతిపాదన నేను వెళ్లేసరికే బల్ల మీద ఉంది. ఫలదీకరణ తర్వాత పిండాలకు 5 శాతం మేలన్నది స్థిరపడిన విషయం. పరిపక్వత దశలో అలా కాదు. క్యుములస్ కణాలు గ్లూకోజ్‌ను బాగా వాడుకుంటాయి. ఆక్సిజన్ తగ్గించి గ్లూకోజ్ పెంచకపోతే ఫలితం దెబ్బతినవచ్చు. నడుస్తున్న కేసు మధ్యలో ఇంకో మార్పు తెస్తే దేని వల్ల ఏమైందో ఎవరికీ తెలియదు. వద్దన్నాను.

అండాలను ఉంచే మీడియం బొట్లను లామినార్ ఫ్లో (వడగట్టిన గాలి వీచే బల్ల) కింద, గాలి మీద పడుతుండగా తీరిగ్గా వేస్తున్నారు. బొట్ల మీద కప్పుగా ఆయిల్ పోసే లోపు చిన్న బొట్టులోని నీరు ఆవిరై లవణ సాంద్రత పెరుగుతుంది. కొన్ని బొట్లు వేసి వెంటనే ఆయిల్ పోయడం అలవాటు చేసుకుంటే చాలు. ఆ ఆయిలే ఎస్ట్రడయోల్ లాంటి స్టెరాయిడ్లను తనలోకి పీల్చుకుంటుందన్నది కూడా వాళ్లకు కొత్త. ప్రోటీను అయిన ఎఫ్‌ఎస్‌హెచ్‌కు ఆ బాధ లేదు. అందుకే ఎస్ట్రడయోల్ మోతాదు గురించి కాగితం మీద సాగే వాదాలను నేను పెద్దగా పట్టించుకోను.

సీరం బ్యాచ్ మారింది నిజమే, కానీ మారింది షెడ్డు అండాలకు కూడా. అది కారణమై ఉంటే రెండూ పడిపోవాలి.

మార్పులు, మిగిలిన పని

పెట్టె డిక్కీలోంచి వెనుక సీటుకు వచ్చింది. బండిని ముందే చల్లబరిచి ఆ తర్వాతే పెట్టె ఎక్కిస్తున్నారు, దారిలో ఇంజను ఆపరు, భోజనం పొలంలోనే చేసి బయలుదేరతారు. ఓపీయూ తెల్లవారుజామునే మొదలుపెడుతున్నారు. ప్రతి గొట్టం మీదా ఆ ఆవుకు సూది గుచ్చిన సమయం మార్కరుతో రాస్తారు, ఫలదీకరణ దాన్ని బట్టే. కొలత గొట్టం ప్రతి ప్రయాణంలో ఉంటుంది. ఎక్కువ వేడికి కూడా అలారం మోగుతుంది. రిజిస్టరులో పొలానికి, షెడ్డుకు వేర్వేరు పేజీలు.

ఆ వేసవి ముగియకముందే పొలం అండాల ఫలితం షెడ్డు వాటికి దగ్గరగా వచ్చింది. తర్వాతి చలికాలంలో పాత చలికాలం కన్నా మెరుగ్గా ఉంది, అది గంటల లెక్క సరిచేసినందువల్లే అనుకుంటున్నాను. వేసవిలో షెడ్డు అండాల్లో కనిపించే కొద్దిపాటి తగ్గుదల అలాగే ఉంది. అది ఆవు శరీరంలోనే జరిగేది. పెట్టెలు మార్చి దాన్ని పోగొట్టలేం, షెడ్డులో ఫ్యాన్లు, నీటి తుంపరలు చూసుకోవాలి.

తెల్లవారుజామున అందరినీ పరుగులు పెట్టించే ఈ ఏర్పాటు యాజమాన్యానికి నచ్చలేదు. దారిలో ఉన్నంతసేపూ అండం విభజనను మందులతో ఆపి ఉంచవచ్చు కదా అని అడుగుతున్నారు. ఫోర్‌స్కోలిన్, ఐబీఎంఎక్స్ లాంటి మందులు అండంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత పదార్థాన్ని ఎక్కువగా ఉంచి నిద్రను కొంతసేపు పొడిగిస్తాయి, ఆ లోపు కణద్రవ్యానికి సమయం దొరుకుతుందన్నది ఆలోచన. 2010లో ఆస్ట్రేలియా బృందం ఈ పద్ధతితో మంచి ఫలితాలు ప్రకటించింది, ఆ తర్వాత ప్రయత్నించిన అందరికీ అలా రాలేదు. విలువైన ఒంగోలు ఆవుల అండాలతో నేరుగా మొదలుపెట్టడానికి నేను ఒప్పుకోలేదు. ఇక్కడ ఆవు అండాశయాలు కబేళా నుంచి దొరకవు, 1977 నాటి గోవధ నిషేధ చట్టం ఆ వీలు లేకుండా చేసింది. గేదెల అండాశయాలు దొరుకుతాయి. గేదె అండాశయంలో అండాలు తక్కువ, గేదెలో తేలింది ఆవుకు అచ్చంగా వర్తిస్తుందన్న హామీ లేదు. అయినా మందు మోతాదులో అండం నిద్ర ఎంతసేపు నిలుస్తుందో, మందు కడిగేశాక మళ్లీ సరిగ్గా లేస్తుందో లేదో చూడటానికి అవి చాలు. ఆ పరీక్షలో పోలార్ బాడీని లెక్కపెట్టి ఆగిపోకూడదని, ఏడో రోజు దాకా పెంచి చూడాలని ముందే రాయించుకున్నాను.